నాగటి చాలు నుండి రహదారికి: ట్రాక్టరు దీపముల చరిత్ర

వ్యవసాయమునకు వచ్చిన యంత్రములలో ట్రాక్టరునకు లభించినంత గౌరవము వేఱొకదానికి లభింపలేదు. దాని గుఱ్ఱపు బలమెంత, అది గంటకు ఎన్ని లీటర్ల డీజిలు త్రాగును, ఎన్ని కఱ్ఱుల గొఱ్ఱును లాగును అని రచ్చబండకడ గంటల తరబడి వాదములు జరుగుచుండును. కాని దాని దీపములను గూర్చి విచారించువారు అరుదు. దీపము పగిలినచో కోతలు ముగిసిన పిమ్మట చూచుకొనవచ్చునని వాయిదా వేయుదురు. ఆ చిన్న వస్తువు వెనుక నూఱేండ్లకు మించిన చరిత్ర కలదు. ఆ చరిత్ర తెలిసినవాడు పగిలిన దీపమును మఱునాటి వఱకును ఉంచడు.

దీపమునకు రెండు ధర్మములు కలవు. యజమానికి దారిని చూపుట మొదటిది. యజమాని ఉన్నచోటును ఇతరులకు తెలుపుట రెండవది. మొదటిదానిని లోకము త్వరగానే గ్రహించెను. రెండవదానిని గ్రహించుటకు చాలకాలము పట్టినది. అందుకు ఎన్నియో ప్రాణములు మూల్యముగా చెల్లినవి. ట్రాక్టరు దీపముల చరిత్రయంతయు ఈ రెండు ధర్మముల నడుమ సాగిన ప్రయాణమే.

బండివాని కేక

మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయమున బండ్లవలన కలుగు హానిని గూర్చిన ధర్మములు చెప్పబడినవి. ఎద్దు ముక్కుత్రాడు తెగినప్పుడు, కాడి విఱిగినప్పుడు, ఇరుసో చక్రమో విఱిగినప్పుడు, పగ్గములు తెగినప్పుడు ఎవరికైన హాని కలిగినచో తోలువానికి దండనము లేదని అచట కలదు. ఆ మినహాయింపులలో కడపటిది మిక్కిలి గమనింపదగినది. తోలువాడు తొలగుమని కేక వేసియుండినచో అతడు దండ్యుడు కాడు. అనగా ఎదుటివానిని హెచ్చరించుట బండివాని విధి యని, ఆ విధిని నెరవేర్చినవానిపై దోషము నిలువదని పెద్దల తీర్పు.

పగటివేళ కేక చాలును. రాత్రివేళ ఆ కేకను వేయవలసినది దీపము. పూర్వము రాత్రి ప్రయాణము చేయు రెండెద్దుల బండికి ఇరుసు క్రింద హరికేన్ లాంతరు వ్రేలాడుచుండెడిది. ఆ గ్రుడ్డి వెలుతురు బాటను చూపుటకు చాలదు. ఎద్దులకు దాని అవసరమును అంతగా లేదు. అలవాటైన దారిని అవి తామే పోవును. ఎదుటనుండి వచ్చువానికిని వెనుకనుండి వచ్చువానికిని ఇచట ఒక బండి కలదని చెప్పుటయే ఆ లాంతరు పని. ఎద్దుల మెడలోని మువ్వలును ఆ పనినే చేసెడివి. బండ్లన్నియు ఇంచుమించు మనిషి నడక వేగముననే పోవు కాలమున ఆమాత్రపు హెచ్చరిక సరిపోయెను.

ఆవిరి యంత్రములు బాటపైకి వచ్చినప్పుడు ఇంగ్లండులో ఈ విధియే శాసనరూపము తాల్చినది. 1865 నాటి చట్టము ప్రకారము బాటపై నడచు యంత్రమునకు 60 గజములు ముందుగా ఒక మనిషి ఎఱ్ఱజెండా పట్టుకొని నడువవలెను. ఆ యంత్రము గ్రామసీమలలో గంటకు 4 మైళ్లకును, పట్టణములలో 2 మైళ్లకును మించి పోరాదు. తేలికపాటి మోటారు బండ్లకు ఆ నిర్బంధములు 1896లో తొలగినవి. తరువాతి తరములవారు ఎఱ్ఱజెండా చట్టమని దానిని పరిహసించిరి. పరిహాసమున కొంత న్యాయము లేకపోలేదు. అయినను కొత్త వేగము కల బండి బాటపైకి వచ్చినప్పుడు దానిని గూర్చి ముందుగా తెలియజేయువాడొకడు ఉండవలెనను తలంపు మాత్రము పరిహాసమునకు తగినది కాదు.

రైలుమార్గమువారు ఈ సంగతిని బాగుగా గ్రహించిరి. మన దేశమున రైలు కడపటి పెట్టె వెనుక పెద్ద గుణకారపు గుర్తును, "ఎల్.వి." అను అక్షరములు గల పలకను, రాత్రివేళ ఎఱ్ఱదీపమును ఉంచుట నియమము. స్టేషనులోనివారు దానిని చూచి బండి సంపూర్ణముగా వచ్చినదని, నడుమ ఏ పెట్టెయు విడిపోలేదని నిశ్చయించుకొందురు. తల ఎంత ముఖ్యమో తోకయు అంత ముఖ్యమని రైలుమార్గము నేర్పిన పాఠమిది. పొలపు బండి ఈ పాఠమును నేర్చుకొనుటకు మఱి కొన్ని తరములు పట్టినది.

మాగ్నెటో కాలము

1892వ సంవత్సరము రెండు విధముల గమనింపదగినది. ఆ యేట అమెరికాలోని అయోవా రాష్ట్రమున జాన్ ఫ్రోలిక్ అను నతడు పెట్రోలు యంత్రముతో ముందునకును వెనుకకును నడువగల పొలపు బండిని నిర్మించెను. నేటి ట్రాక్టరునకు పూర్వికులలో అది యొకటి. ఆ యేటనే నార్త్ కరొలైనా రాష్ట్రమున థామస్ విల్సన్ అను నతడు విద్యుత్తు కొలిమిలో కాల్షియం కార్బైడును చవుకగా తయారుచేయు విధానమును కనుగొనెను. కార్బైడు ముక్కలపై నీరు చుక్కలు చుక్కలుగా పడినప్పుడు ఎసిటిలీన్ వాయువు పుట్టును. అది మిక్కిలి తెల్లని కాంతితో మండును. తొలినాటి మోటారు కార్లకును, సైకిళ్లకును, గనులలో పనిచేయువారికిని ఈ దీపమే ఆధారమైనది. జాతరలలో అంగళ్ల ముందు ఘాటైన వాసనతో వెలిగిన కార్బైడు దీపములను ఎఱిగిన వృద్ధులు నేటికిని కొందఱు కలరు.

కాని తొలినాటి ట్రాక్టరునకు దీపము నిత్యావసరముగా తోపలేదు. 1917లో హెన్రీ ఫోర్డు కర్మాగారమునుండి వెలువడిన ఫోర్డ్‌సన్ ట్రాక్టరు వ్యవసాయమున గొప్ప మార్పు తెచ్చినది. చిన్నరైతునకును అందుబాటగు వెలకు లభించిన యంత్రమది. దానికి బ్యాటరీ లేదు. ముందువైపు ఇనుప హ్యాండిలు పెట్టి త్రిప్పినచో యంత్రముతోపాటు తిరుగు మాగ్నెటో నిప్పురవ్వను పుట్టించును, యంత్రము కదలును. రవ్వకు బ్యాటరీ అక్కఱలేదు గనుక యంత్రమునకే బ్యాటరీ అక్కఱలేదని తలచిరి. బ్యాటరీ లేనిచోట నిలుకడైన విద్యుద్దీపమునకును తావులేదు.

మాగ్నెటో విద్యుత్తుతోనే దీపము వెలిగించిన పద్ధతియు కొంతకాలము ఉండినది. 1915 ప్రాంతమున ఫోర్డు మోడల్ టి కార్లకు అట్టి దీపములే అమర్చిరి. యంత్రము వేగముగా తిరిగినప్పుడు అవి ప్రకాశించును, నెమ్మదించినప్పుడు మసకబాఱును. గతుకుల దారిలో బండి నెమ్మదిగా పోవలసిన చోటనే వెలుతురు మిక్కిలి కావలెను. సరిగా ఆ చోటనే ఆ దీపము కన్ను మూసెడిది. ఈ లోపము తీఱవలెనన్నచో విద్యుత్తును పుట్టించు డైనమో యొకటి, దానిని దాచు బ్యాటరీ యొకటి కావలసివచ్చెను. హ్యాండిలు త్రిప్పు శ్రమను తప్పించుటకు సెల్ఫ్ స్టార్టరు వచ్చినప్పుడు ఈ రెండును దానితోపాటు వచ్చినవి. కార్లలో 1912లో క్యాడిలాక్ బండితో మొదలైన ఈ మార్పు ట్రాక్టర్లలో వ్యాపించుటకు 1930 దశకపు చివఱి వఱకు కాలము పట్టినది. కనుక ట్రాక్టరు దీపము స్టార్టరు వెంట వచ్చిన చుట్టము వంటిది. నేటికిని పల్లెలలో బ్యాటరీ చచ్చిన ట్రాక్టరును పల్లమున త్రోసి స్టార్టు చేయుట కలదు. అట్లు బయలుదేఱిన బండి దీపములను నమ్మి రాత్రివేళ రోడ్డెక్కుట మాగ్నెటో కాలమునకు మరలిపోవుటయే.

రబ్బరు చక్రము

ట్రాక్టరునకు దీపము నిజముగా అవసరమైనది చక్రము మాఱిన పిమ్మట. తొలినాటి ట్రాక్టర్ల వెనుక చక్రములు ఇనుపవి. మట్టిలో పట్టు దొరకుటకై వాటికి మేకులవంటి పళ్లు ఉండెడివి. అవి రోడ్లను చీల్చివేయును గనుక అమెరికాలో పలు ప్రాంతములవారు వాటిని రోడ్డుపైకి రానీయకుండ నిషేధించిరి. తెలుగు నాట దమ్ము చేయు ఇనుప చక్రములతో, అనగా కేజీవీల్సుతో తారురోడ్డుపై పోరాదని అధికారులు నేటికిని హెచ్చరించుట చదువరులకు తెలిసినదే. నాటి తగవు నేటి తగవు ఒక్కటే.

1932లో అల్లిస్-చామర్స్ అను అమెరికా సంస్థవారు తమ మోడల్ యు ట్రాక్టరునకు గాలి నింపిన రబ్బరు టైర్లను అమర్చి విక్రయించిరి. రైతులు మొదట నమ్మలేదు. రబ్బరు చక్రము దుక్కిలో జాఱునని, ముండ్లకు పగులునని శంకించిరి. వారి శంక తీర్చుటకై సంస్థవారు పందెములు ఏర్పాటు చేసిరి. 1933లో బార్నీ ఓల్డ్‌ఫీల్డ్ అను పేరుపొందిన కారు పందెగాడు ఒక ట్రాక్టరును గంటకు 64 మైళ్లకు మించిన వేగముతో నడిపెను. అది ప్రదర్శనకొఱకు సిద్ధపఱచిన బండియే అయినను, పొలపు యంత్రము రహదారిపై పరుగెత్తగలదని లోకమునకు తెలిసిపోయినది. 1938లో మినియాపొలిస్-మొలీన్ సంస్థవారు ఇంకొక అడుగు ముందుకు వేసిరి. అద్దముల గది, హెడ్‌లైట్లు, గంటకు 40 మైళ్ల వేగము గల ట్రాక్టరును వారు తయారుచేసిరి. పగలు దుక్కి దున్నిన బండిలోనే సాయంకాలము ఆలుమగలు పట్టణమునకు పోవచ్చునని వారి ఊహ. వెల అధికమగుటచే సుమారు 150 మాత్రమే తయారైనవి. వ్యాపారమున ఓడినను ఆ ఊహ కాలక్రమమున గెలిచినది. పొలములో సగము, బాటపై సగము బ్రదుకు ట్రాక్టరు అప్పుడే పుట్టినది.

పొలములో దీపమునకు మొదటి ధర్మము చాలును. ఎద్దునకు అలసట కలదు, యంత్రమునకు లేదు. అదను తప్పకుండ రాత్రియు దున్నవచ్చును. రెండవ ప్రపంచ యుద్ధకాలమున బ్రిటనులో దీని ప్రయోజనము బాగుగా తెలిసినది. ఓడలలో ధాన్యము వచ్చుట కష్టమైనందున గడ్డిబీళ్లను దున్నుటకు 1939లో ఎకరమునకు 2 పౌండ్లు ప్రభుత్వమువారు సాయమిచ్చిరి. ఆ యేటి సెప్టెంబరునుండి విమానదాడుల భయముచే దేశమంతట దీపములార్పు నియమము అమలైనది. రైతులు ట్రాక్టరు దీపములకు పైనుండి కనబడకుండ మూతలు కప్పి, చాలు మీద మాత్రమే వెలుతురు పడునట్లు చేసి రాత్రులు దున్నిరి. ఇతరులకు కనబడకుండ తాను చూచుటకు మాత్రమే ఉపయోగపడిన దీపమది. శత్రువు ఆకాశమున నున్న కాలమున అది ధర్మమే. రహదారిపై మాత్రము దీనికి సరిగా విరుద్ధమైన ధర్మము వర్తించును.

దీపమును ఎక్కడ నిలుపవలెను

ట్రాక్టరు ఆకారము కారు ఆకారము వంటిది కాదు. ముందుభాగము సన్నము, వెనుక చక్రములు విశాలము. ఎక్కువ ట్రాక్టర్లకు హెడ్‌లైట్లు మొదట రేడియేటరునకు ఇరుప్రక్కల బిగింపబడినవి. అచట రెండు దీపముల నడుమ దూరము తక్కువ. ఎదుటివాడు ఆ రెంటినిబట్టి బండి వెడల్పును లెక్కించుకొనును. నిజమునకు వెనుక చక్రములు దీపములకు ఇరువైపుల చెఱి యొక మూర బయటికి ఉండును. దీపమును తప్పించుకొన్నవాడు చక్రమును తప్పించుకొనలేకపోవచ్చును. అందుచే పిమ్మటి కాలమున మడ్‌గార్డులపై దీపములు పెట్టుట వ్యాపించెను. దీనివలన బండి వెడల్పు నిజముగా తెలియును. అందును లోపము లేకపోలేదు. బానెటు నీడ దారిపై పడును. దీపకాంతి బానెటుపై పడి తోలువాని కన్నులకే కొట్టును. నేటి పెద్ద ట్రాక్టర్లలో బానెటు ముఖముననే దీపములు కూర్చి, వెడల్పు తెలుపుటకు మడ్‌గార్డులపై వేఱుగా చిన్నదీపములను, మలుపు దీపములను ఉంచుట ఈ రెండు పద్ధతుల రాజీ.

ఎత్తును గూర్చిన లెక్క ఇంకను సూక్ష్మమైనది. దీపకాంతి 100 మీటర్లకు 1 మీటరు చొప్పున క్రిందికి వంగునట్లు అమర్చినామనుకొందము. దీపము నేలనుండి 1 మీటరు ఎత్తున ఉన్నచో, 50 మీటర్ల దూరమున కాంతి అరమీటరు ఎత్తున పోవును. ఎదుటి కారు తోలువాని కన్ను అంతకంటె పైన ఉండును గనుక అతనికి బాధ లేదు. అదే దీపమును 2 మీటర్ల ఎత్తున, అనగా కప్పుపై పెట్టినచో, 50 మీటర్ల వద్ద కాంతి ఒకటిన్నర మీటరు ఎత్తున ఉండి సరిగా అతని కన్నులలో పడును. కప్పుపై దీపము పొలమున మేలు, రోడ్డుపై కీడు అనుటకు కారణమిదియే.

ఐరోపావారు ఈ లెక్కను నియమముగా వ్రాసికొనిరి. ముందువైపు మట్టి ఎత్తు తొట్టివంటి పరికరమును తగిలించినప్పుడు అది క్రింది దీపములకు అడ్డుపడును గనుక, ఎత్తున ఇంకొక జతను పెట్టుకొనుటకు వారు అనుమతించిరి. కాని రెండు జతలు ఏకకాలమున వెలుగరాదు.

ఎదుటివాని కన్నులను కాపాడుటకై పుట్టినదే డిమ్ము దీపము. 1924 ప్రాంతమున ఒకే బల్బులో రెండు తీగలుంచి, ఒకటి దూరమునకును ఒకటి దగ్గఱకును వెలుగునట్లు చేసిరి. 1940 నాటి అమెరికా కార్లకు అద్దము, తీగ, ప్రతిఫలించు గిన్నె అన్నియు ఒకే ముద్దగా మూసివేసిన దీపములు వచ్చినవి. దుమ్ము, తేమ లోపలికి పోకుండుట వాటి గుణము. 1962లో ఐరోపాలో కార్లకు హాలోజను బల్బులు వచ్చినవి. ఇటీవలి కాలమున తక్కువ విద్యుత్తుతో ఎక్కువ వెలుగునిచ్చు ఎల్.ఇ.డి. దీపములు వచ్చినవి, వాటికి మూలమైన నీలికాంతి పరికరమును సాధించిన ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2014లో నోబెల్ బహుమానము లభించినది. వెలుగు పెరిగినకొలది దానిని సరిగా వంచి అమర్చవలసిన బాధ్యతయు పెరుగును. ఎల్.ఇ.డి. పట్టీలను ఇష్టము వచ్చిన ఎత్తున బిగించుకొని రోడ్డుపై వెలిగించుట ఎదుటివానిని గ్రుడ్డివానిని చేయుటయే.

మన దేశమున బండ్లు ఎడమవైపున పోవును గనుక ఎదుటివాడు మన కుడివైపున దాటిపోవును. కుడి హెడ్‌లైటు ఆఱిపోయి ఎడమది మాత్రమే వెలుగుచున్నచో అతడు దానిని రోడ్డంచున పోవు మోటారుసైకిలుగా భావించును. కుడివైపున నున్న పెద్ద చక్రము చీకటిలో అతనికి ఎదురుపడును. రెండు దీపములలో ఒకటి చాలునను మాట ఇందుచేతనే నిలువదు.

వెనుక చీకటి

దీపము క్రింద చీకటి అని తెలుగు సామెత. ట్రాక్టరు విషయమున ఆ చీకటి క్రింద కాదు, వెనుక కలదు. కోస్తావారు ట్రక్కు అనియు, తెలంగాణమువారు ట్రాలీ అనియు పిలుచు తొట్టిబండి ట్రాక్టరు వెనుక తగిలినప్పుడు, ట్రాక్టరు వెనుక దీపమును అది కప్పివేయును. ట్రక్కునకు వేఱుగా దీపములు ఉండవలెను. వాటికి విద్యుత్తు పోవుటకు ట్రాక్టరునుండి తీగ కావలెను. ట్రక్కును విప్పినప్పుడెల్ల ఆ తీగను విప్పవలెను, తగిలించినప్పుడెల్ల తగిలింపవలెను. మఱచి లాగినచో తెగును. ఒకసారి తెగిన తీగ మరల అతుకుపడుట అరుదు. ఒక ట్రక్కు పలు ట్రాక్టర్లకు మాఱుచుండుటచే ఎవరి దీపమును ఎవరు బాగుచేయవలెనను తగవు తీఱదు. దీపము బాగుగా ఉన్నను చెఱకు గడలో వరిగడ్డియో వెనుకకు వ్రేలాడి దానిని మూసివేయును.

ఇచట కొంత లెక్క చూడదగును. ఒక కారు గంటకు 80 కిలోమీటర్ల వేగమున వచ్చుచున్నదనుకొందము. అది సెకనుకు 22 మీటర్లు పోవును. తోలువాడు ఆపదను గుర్తించి బ్రేకుపై కాలు మోపుటకు ఒకటిన్నర సెకను పట్టినచో, ఆలోపల కారు 33 మీటర్లు పోవును. పొడి రోడ్డుపై బ్రేకు పట్టి నిలుచుటకు ఇంకొక 35 మీటర్లు కావలెను. మొత్తము సుమారు 70 మీటర్లు. టైరు పగిలి రోడ్డుపై నిలిచిన, దుమ్ముపట్టిన, దీపములేని ట్రక్కు డిమ్ము వెలుతురులో 50 మీటర్లు దాటి కనబడుట కష్టము. లోటు 20 మీటర్లు. తోలువాడు ఎంత నేర్పరియైనను ఆ 20 మీటర్లను తేలేడు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమములలో వెనుక ఎఱ్ఱదీపము 155 మీటర్ల దూరమునుండి కనబడవలెనని కలదు. 155 మీటర్లను దాటుటకు ఆ కారునకు 7 సెకనులు పట్టును. ప్రాణములు దక్కుటకు అవి చాలును. చట్టములోని అంకె వెనుక ఇంతటి లెక్క కలదు.

దీపము వెలుగని చోటను పనికివచ్చు ఉపాయమొకటి 20వ శతాబ్దమున పుట్టినది. ఇంగ్లండున పెర్సీ షా అను రోడ్లపనివాడు 1934లో రోడ్డు నడుమ పాతు పిల్లికన్ను అద్దములకు హక్కుపత్రము పొందెను. వచ్చు కాంతిని వచ్చిన దిక్కునకే మరలించుట వాటి గుణము. ఈ గుణము గల సన్నని గాజుపూసలను పట్టీలపై అద్దిన పిమ్మట, వాటిని ఏ బండికైనను అంటింప వీలైనది. మన పల్లెలలో వీటిని రేడియం స్టిక్కర్లని పిలుతురు. నిజమునకు వీటిలో రేడియము లేశమును లేదు. 1898లో క్యూరీ దంపతులు కనుగొన్న రేడియముతో పూర్వము గడియారపు ముల్లులకు పూత పూసెడివారు. అది చీకటిలో తానే వెలుగును. ఈ పట్టీ తాను వెలుగదు. వెనుక వచ్చువాని దీపమునే వానికి తిరిగి ఇచ్చును. దీనికి బ్యాటరీ అక్కఱలేదు, తీగ అక్కఱలేదు. దుమ్మును తుడిచినచో చాలును.

పొలపు బండ్ల కొఱకే దీనిని శాస్త్రీయముగా వాడినవారు అమెరికాలోని ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయ వ్యవసాయ ఇంజనీర్లు. కెన్ హార్క్‌నెస్ నాయకత్వమున వారు 1962లో ఒక త్రికోణపు గుర్తును రూపొందించిరి. నడుమ పగటివేళ మెఱయు నారింజ రంగు, అంచులందు రాత్రివేళ కాంతిని మరలించు ఎఱుపు. గంటకు 25 మైళ్లకు మించి పోని బండి వెనుక దీనిని తగిలింపవలెనని వారి ఉద్దేశము. ముందున్నది బండి అని చెప్పుట మాత్రమే చాలదని, అది నెమ్మదిగా పోవు బండి అని చెప్పవలెనని వారు గుర్తించుట ఇందలి విశేషము. ఎఱ్ఱదీపము కారునకును కలదు, ట్రాక్టరునకును కలదు. ఆ త్రికోణము మందగమనమునకు మాత్రమే గుర్తు. 1971లో అది ఆ దేశమున జాతీయ ప్రమాణముగా అంగీకరింపబడినది.

తెలుగు పల్లెలలో

స్వాతంత్ర్యము వచ్చిన 1947లో ఏర్పడిన కేంద్ర ట్రాక్టరు సంస్థవారు అమెరికా సైన్యము వదలిపోయిన ట్రాక్టర్లతో మధ్యభారతపు బీడుభూములను బాగుచేసిరి. 1959లో ఫరీదాబాదున ఐషర్ సంస్థవారు దేశమున ట్రాక్టర్ల తయారీకి నాంది పలికిరి. 1960 దశకమున మద్రాసునందును, మఱికొన్ని చోట్లను కర్మాగారములు వెలసినవి. 1974లో దుర్గాపురపు పరిశోధనాలయమువారి స్వదేశీ నమూనాతో పంజాబున స్వరాజ్ ట్రాక్టరు వెలువడినది. ఈ యంత్రములన్నియు దుక్కి కొఱకు తలపెట్టబడినవి. కాని పల్లె వాటికి వేఱొక వృత్తిని కూడ నేర్పినది. ధాన్యమును మిల్లునకు, చెఱకును కర్మాగారమునకు, పత్తిని మార్కెటునకు, ఇసుకను ఇండ్లకు, పెండ్లివారిని వియ్యాలవారి ఊరికి, యాత్రికులను జాతరకు చేర్చునది ట్రాక్టరే. సరకుల కొఱకైన తొట్టిలో మనుష్యులను ఎక్కించుట చట్టసమ్మతము కాదు. అయినను నాట్లకు, మిరప కోతలకు పోవు కూలీలు దానియందే పోవుచుందురు. చీకటి పడిన పిమ్మట దానియందే మరలుచుందురు. వారిలో స్త్రీలే అధికము. దీపములేని ట్రక్కును వెనుకనుండి లారీ ఢీకొన్న వార్త పత్రికలలో వచ్చినప్పుడు చనిపోవువారు యజమానులు కారు, తోలువారు కారు. తొట్టిలో వెనుక కూర్చుండినవారు.

రాత్రి దమ్ము చేయువాడు వెనుక తెల్లదీపమును వెలిగించుకొనును. పొలమున అది అవసరమే. గట్టెక్కి రోడ్డుపైకి రాగానే దానిని ఆర్పవలెను. ముందు తెలుపు, వెనుక ఎఱుపు అనునది లోకమంతట నెలకొన్న సంకేతము. వెనుక తెల్లదీపము వెలిగినచో, పోవు బండి వచ్చు బండివలె కనబడును. దమ్ము బురద హెడ్‌లైటు అద్దముపై చిమ్మి ఎండినచో మంచి బల్బును గ్రుడ్డిదియగును. ఒక తడిగుడ్డతో తుడుచుటకు రెండు నిమిషములు చాలును. గడలు వెనుకకు వ్రేలాడినప్పుడు కొసకు పగలు ఎఱ్ఱగుడ్డను, రాత్రి ఎఱ్ఱని మెఱుపు పట్టీని కట్టుట ఖర్చులేని పని. ట్రక్కు వెనుక రెండు మూలలయందును పట్టీలు అంటించినచో వెడల్పును తెలియును. టైరు పగిలి నిలిచినప్పుడు రోడ్డుపై ఱాళ్లు పేర్చి, పని ముగియగానే వాటిని అచటనే విడిచిపోవు దురలవాటు ఇంకొక ప్రమాదమునకు బీజము. ఱాళ్లు చీకటిలో కేక వేయవు.

ఎడ్లబండి కాలమున తాతలు ఇరుసు క్రింద లాంతరు కట్టిరి. వారికి మోటారు చట్టము తెలియదు, సెకనుల లెక్క తెలియదు. రాత్రిబాటపై తానొక్కడే లేడను ఎఱుక మాత్రము వారికి ఉండినది. ఇరువది కిరసనాయిలు చుక్కల ఆ ఖర్చును వారు దండుగ అనుకొనలేదు. లక్షల విలువ గల యంత్రమును కొన్నవాడు దాని వెనుక ఎఱ్ఱబల్బునకు వెనుకాడుట ఏ లెక్కకును అందదు. గ్రంథాలయపు దీపము క్రింద కూర్చుండి రాత్రి తొమ్మిది గంటల వఱకు చదువుకొను పిల్లల తండ్రులలో చెఱకు తోలువారు కలరు, తల్లులలో కోతకూలీలు కలరు. ఆ పిల్లలు పుస్తకము మూసి ఇల్లు చేరునప్పటికి ఆ తల్లిదండ్రులును క్షేమముగా ఇల్లు చేరియుండవలెనన్నచో, వారు వచ్చు బండి వెనుక ఒక ఎఱ్ఱదీపము వెలుగుచుండవలెను.